"రాంగ్ వెర్షన్ నంబర్" అంటోంది, కానీ ఏ వెర్షన్ తప్పో తెలియడం లేదు: 587వ పోర్టులో మెయిల్ పంపడం

ప్రశ్న: ఫీజురసీదు

అందరికీ నమస్కారం. మా జూనియర్ కళాశాలలో విద్యార్థి ఫీజు కట్టగానే తల్లిదండ్రులకు రసీదు మెయిల్‌లో వెళ్ళే ఏర్పాటు ఉంది. ప్రోగ్రాం నోడ్ జేఎస్‌లో రాసినది, మెయిల్ పంపే పనిని నోడ్‌మెయిలర్ చూసుకుంటుంది. ఈ మధ్య యాజమాన్యం పాత మెయిల్ సేవను మానుకుని వేరొక సంస్థ దగ్గర ఖాతా తీసుకుంది. ఆ సంస్థవారి సహాయ పేజీలో పోర్టు 587 అని, టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) తప్పనిసరి అని స్పష్టంగా రాసి ఉంది. ఆ ప్రకారమే పోర్టు 587 ఇచ్చి, సెక్యూర్ అనే అమరికను ట్రూగా పెట్టాను. పంపబోయిన ప్రతిసారీ "ఎస్‌ఎస్‌ఎల్ రొటీన్స్: రాంగ్ వెర్షన్ నంబర్" అనే ఎర్రర్, దానితోపాటు "ఈసాకెట్" అనే కోడ్ వస్తున్నాయి.

వెర్షన్ అన్నారు కదా అని టీఎల్‌ఎస్ కనీస వెర్షన్‌ను 1.0కు తగ్గించి చూశాను, తరవాత 1.3కు పెంచి చూశాను, నోడ్‌ను కొత్తదానికి మార్చాను. సందేశంలో అక్షరం కూడా మారలేదు. సంస్థవారిని అడిగితే తమ సర్వర్ 1.2ను, 1.3ను రెండింటినీ అంగీకరిస్తుందని జవాబిచ్చారు. ఇంటి దగ్గర నా ల్యాప్‌టాప్‌లో నడిపినా ఇదే ఎర్రర్. తప్పుగా ఉన్న ఆ వెర్షన్ ఏది, ఎవరి వైపున ఉంది, అన్నది ఎలా తెలుసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: నల్లతెర

మీ వెర్షన్లలో తప్పేమీ లేదండీ. అక్కడ టీఎల్‌ఎస్ సంభాషణ అసలు మొదలే కాలేదు.

మెయిల్ సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ పెట్టుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో కనెక్షన్ కలిసిన మొదటి బైటు నుంచే టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (ఎన్‌క్రిప్షన్ ఎలా జరగాలో ఇరువైపులా ఒప్పుకునే తొలి సంభాషణ) జరుగుతుంది, దానికి వాడే పోర్టు 465. రెండోదానిలో ముందు మామూలు పాఠంలోనే పలకరింపు జరుగుతుంది, సర్వర్ తనకు ఏమేమి వచ్చో జాబితా చెబుతుంది, అందులో స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఉంటే క్లయింట్ ఆ ఆదేశం పంపి, సర్వర్ సరేనన్న తరవాత అదే కనెక్షన్ మీద హ్యాండ్‌షేక్ మొదలుపెడుతుంది. సాధారణంగా 587 పనిచేసేది ఈ రెండో పద్ధతిలో. నోడ్‌మెయిలర్‌లో సెక్యూర్ ట్రూ అంటే మొదటి పద్ధతి అని అర్థం. మీరు రెండో పద్ధతి పోర్టుకు మొదటి పద్ధతిలో వెళ్ళారు.

ఇక ఈ విచిత్రమైన సందేశం ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం. 587లో కనెక్షన్ కలవగానే సర్వర్ మీ మాట కోసం ఆగకుండా "220" అనే అంకెలు, ఒక ఖాళీ, ఆ తరవాత తన పేరు ఉన్న పలకరింపు వరుసను పంపేస్తుంది. మీ వైపున టీఎల్‌ఎస్ పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ మాత్రం టీఎల్‌ఎస్ రికార్డు వస్తుందనే నమ్మకంతో కూర్చుని ఉంటుంది. టీఎల్‌ఎస్ రికార్డు శీర్షిక ఐదు బైట్లు: మొదటిది రికార్డు రకం, తరవాతి రెండు వెర్షన్, చివరి రెండు పొడవు. టీఎల్‌ఎస్‌కు పూర్వరూపమైన ఎస్‌ఎస్‌ఎల్ 3.0 మొదలుకొని టీఎల్‌ఎస్ 1.3 దాకా, ఆ వెర్షన్‌లోని మొదటి బైటు విలువ ఎప్పుడూ 3. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో 2 అనే అక్షరం విలువ 50, సున్నా అనే అక్షరం విలువ 48. కాబట్టి "220"లో మొదటి 2ను రికార్డు రకంగానూ, మిగిలిన "20"ని వెర్షన్‌గానూ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చదువుకుంటుంది. 3 ఉండవలసిన చోట 50 కనిపించేసరికి వెర్షన్ తప్పు అని ప్రకటించి కనెక్షన్ మూసేస్తుంది. మీరు కనీస వెర్షన్‌ను ఎంతకు మార్చినా సందేశం కదలకపోవడానికి కారణం ఇదే, సర్వర్ పంపే "220" మారదు కదా.

ఇందులో నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. ఇదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సర్వర్ వైపున ఉన్నప్పుడు, ఎవరైనా టీఎల్‌ఎస్ పోర్టుకు మామూలు హెచ్‌టీటీపీలో వస్తే, ఆ మొదటి అక్షరాలు "గెట్", "పోస్ట్" లాంటివేమో సరిచూసుకుని "హెచ్‌టీటీపీ రిక్వెస్ట్" అనే వేరే ఎర్రర్ ఇస్తుంది. వెబ్ వాళ్ళకు చూపిన ఆ దయ మెయిల్ వాళ్ళ మీద చూపలేదు. జావా పాత వెర్షన్లు ఇదే సందర్భంలో "అన్‌రికగ్నైజ్డ్ ఎస్‌ఎస్‌ఎల్ మెసేజ్, ప్లెయిన్‌టెక్స్ట్ కనెక్షన్?" అని ప్రశ్నార్థకంతో సహా అడిగేవి. అనుమానమే అయినా అది సరైన దిక్కులో ఉన్న అనుమానం. గ్నూటీఎల్‌ఎస్ అనే మరో లైబ్రరీ "అనుకోని టీఎల్‌ఎస్ ప్యాకెట్ అందింది" అనే అర్థం వచ్చే వాక్యం ఇస్తుంది. వచ్చింది టీఎల్‌ఎస్ ప్యాకెట్టే కాదు కనుక అది కూడా పక్కదారి పట్టించేదే.

సహాయ పేజీలు గందరగోళంగా ఉండటానికి పాత చరిత్ర కొంత కారణం. 465ను 1997లో ఈ పనికి కేటాయించారు. స్టార్ట్‌టీఎల్‌ఎస్ పద్ధతి రావడంతో ఏడాది తిరక్కుండానే ఆ కేటాయింపును వెనక్కి తీసుకుని, ఆ సంఖ్యను వేరే సేవకు ఇచ్చారు. అయినా సాఫ్ట్‌వేర్లు దాన్ని వాడటం మానలేదు. చివరికి 2018 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, మెయిల్ సమర్పణకు 465నే వాడమని మళ్ళీ సిఫారసు చేసింది. మధ్యలోని ఇరవై ఏళ్ళలో రాసిన పుస్తకాలు, పాఠాలు చాలావరకు 465 పాతబడిపోయిందనే చెబుతాయి. పైగా చాలా ప్రోగ్రాముల అమరికల్లో మొదటి పద్ధతికి ఎస్‌ఎస్‌ఎల్ అని, రెండోదానికి టీఎల్‌ఎస్ అని పేర్లు పెట్టారు. పీహెచ్‌పీమెయిలర్‌లో ఇప్పటికీ ఆ రెండు పదాలే విలువలు. నిజానికి రెండింటిలోనూ నడిచేది టీఎల్‌ఎస్సే.

మీరు సెక్యూర్‌ను ఫాల్స్ చేసి 587 వాడండి, లేదా ట్రూగానే ఉంచి 465 వాడండి. ఫాల్స్ అన్నంత మాత్రాన ఎన్‌క్రిప్షన్ లేకుండా పోతుందని కంగారు పడవలసిన పని లేదు. సర్వర్ స్టార్ట్‌టీఎల్‌ఎస్ చూపిస్తే నోడ్‌మెయిలర్ తనంతట తానే ఆ దారిలోకి మారుతుంది.

ఫీజురసీదు

ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. సెక్యూర్‌ను ఫాల్స్ చేయగానే ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ నుంచి మెయిల్ వెళ్ళిపోయింది. కానీ అదే ప్రోగ్రాంను, అదే అమరికలతో కళాశాల సర్వర్‌లో నడిపితే ఇప్పుడు వేరే ఎర్రర్ వస్తోంది: "ఇన్వాలిడ్ లాగిన్: 530 మస్ట్ ఇష్యూ ఏ స్టార్ట్‌టీఎల్‌ఎస్ కమాండ్ ఫస్ట్". లాగిన్ చెల్లలేదంటోంది కనుక వెబ్‌మెయిల్‌లోకి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చి, కొత్తది పెట్టి మళ్ళీ ప్రయత్నించాను. మార్పు లేదు. ఆ కొత్త పాస్‌వర్డ్‌తో ఇంటి దగ్గర మాత్రం చక్కగా వెళుతోంది.

సమాధానం: లైనక్స్‌తాత

నల్లతెర గారి వివరణలో నాకు అభ్యంతరం లేదు, కానీ చివరి సలహా సగంలో ఆగిపోయింది. సెక్యూర్‌ను ఫాల్స్ చేసినప్పుడు "రిక్వైర్‌టీఎల్‌ఎస్" అనే మరో అమరికను ట్రూ చేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. అది లేకపోతే సర్వర్ జాబితాలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ కనిపించనప్పుడు నోడ్‌మెయిలర్ నోరు మెదపకుండా మామూలు పాఠంలోనే ముందుకు పోతుంది. ఫీజురసీదు గారి కళాశాలలో జరుగుతున్నది అదేనని ఆ 530 చూస్తే తెలిసిపోతోంది.

ఇలాంటి సందేశాన్ని చదివేటప్పుడు ఏ ముక్క ఎవరి నోటి నుంచి వచ్చిందో ముందు విడదీసుకోవాలి. మూడంకెల సంఖ్యతో మొదలయ్యే భాగం సర్వర్ పలికింది. దానికి ముందున్న "ఇన్వాలిడ్ లాగిన్" అన్నది నోడ్‌మెయిలర్ తన తరఫున అతికించిన మాట. లాగిన్ ఆదేశం పంపిన దశలో ఏ తిరస్కారం వచ్చినా అది ఆ మాటే అతికిస్తుంది. సర్వర్ ఇక్కడ పాస్‌వర్డ్ ఊసే ఎత్తలేదు, ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆదేశం ఇవ్వాలని మాత్రమే చెప్పింది. పాస్‌వర్డ్‌ను నిజంగా పరిశీలించి కాదన్న సర్వర్ 535 అంటుంది. డాట్‌నెట్‌లో మెయిల్ పంపే పాత ఎస్‌ఎంటీపీక్లయింట్ దీనికన్నా ఒక మెట్టు ఎక్కువ: సర్వర్‌కు భద్రమైన కనెక్షన్ కావాలి, లేదా మీరు లాగిన్ కాలేదు, అని ఒకే వాక్యంలో రెండు కారణాలు చెప్పి ఏది నిజమో తేల్చుకునే పని మనకే వదిలేస్తుంది. అక్కడ కూడా చదవవలసింది ఆ వాక్యం చివర "సర్వర్ రెస్పాన్స్ వాజ్" అన్న మాటల తరవాత ఉన్న భాగాన్నే.

535 కూడా పూర్తిగా నమ్మదగినదని అనుకోకండి. జీమెయిల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాల్లో మామూలు పాస్‌వర్డ్‌తో ఇలా బయటి ప్రోగ్రాముల నుంచి లాగిన్ కావడాన్ని ఆపేసింది. ఆ రోజు దాకా నడిచిన ప్రోగ్రాములకు ఒక్కసారిగా "535 యూజర్‌నేమ్ అండ్ పాస్‌వర్డ్ నాట్ యాక్సెప్టెడ్" అని రావడం మొదలైంది. పాస్‌వర్డ్ సరైనదే, ఆ రకం పాస్‌వర్డ్ చెల్లదు, అంతే తేడా. రెండు దశల ధ్రువీకరణ పెట్టుకుని పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకున్నవారికి అదే ప్రోగ్రాం మళ్ళీ పనిచేసింది.

మీ విషయానికి వస్తే, లాగర్, డీబగ్ అనే రెండు అమరికలనూ ట్రూ చేసి, కళాశాల నుంచి ఒకసారి, ఇంటి నుంచి ఒకసారి పంపి చూడండి. సర్వర్ పలకరింపు, ఆ తరవాత ఈహెచ్‌ఎల్‌ఓకు (సర్వర్‌ను దాని జాబితా అడిగే ఆదేశం) వచ్చిన జవాబు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయా అన్నది మాకు చెప్పండి.

ఫీజురసీదు

రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, ఒకేలా లేవు. ఇంటి దగ్గర 220 తరవాత సంస్థవారి సర్వర్ పేరు కనిపిస్తోంది. కళాశాలలో 220 తరవాత పేరు బదులు వరుసగా నక్షత్రం గుర్తులు ఉన్నాయి. ఈహెచ్‌ఎల్‌ఓ జవాబులో ఇంటి దగ్గర "250 స్టార్ట్‌టీఎల్‌ఎస్" అని ఉన్న చోట, కళాశాలలో 250 తరవాత ఏడు ఎక్స్ అక్షరాలు, చివర ఒక ఏ అక్షరం ఉన్నాయి. "250 ఆథ్ ప్లెయిన్ లాగిన్" అన్న వరుస రెండు చోట్లా ఉంది. సర్వర్ పేరు, పోర్టు అమరికల్లో ఏ తేడా లేదు. ఒకే సర్వర్ రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా మాట్లాడుతోంది?

సమాధానం: పోర్టు25

సర్వర్ రెండు చోట్లా ఒకే మాట చెబుతోంది, మధ్యలో ఎవరో దిద్దుతున్నారు. ఆ నక్షత్రాలు, ఆ ఏడు ఎక్స్‌లు, చివరి ఏ, ఇవన్నీ నెట్‌వర్కులు చూసేవారికి బాగా తెలిసిన ఆనవాళ్ళు. సిస్కో ఏఎస్‌ఏ అనే ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే పెట్టె) ఈఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే నియమావళి) తనిఖీ అని ఒకటుంది, దాని ముందు తరమైన పిక్స్‌లో కూడా ఇలాంటిదే ఉండేది. మెయిల్ సంభాషణను చదివి, తనకు పరిచయం లేని ఆదేశాలను అడ్డుకోవడం దాని పని. సర్వర్ ఏ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోందో బయటివారికి తెలియకుండా పలకరింపును నక్షత్రాలతో కప్పుతుంది. స్టార్ట్‌టీఎల్‌ఎస్ జరిగిపోతే ఆ తరవాతి సంభాషణను తాను చదవలేదు కనుక, జాబితాలోంచి ఆ మాటను ఎక్స్‌లతో చెరిపేస్తుంది. పొడవు మారితే ప్యాకెట్ల లెక్క తప్పుతుంది కాబట్టి ఎనిమిది అక్షరాల స్థానంలో ఎనిమిదే పెడుతుంది.

దీని ఫలితంగా చెరిపిన పెట్టె ఎక్కడా తన పేరు చెప్పదు, మాట పడేది సర్వర్. పైథాన్‌లోని ఎస్‌ఎంటీపీలిబ్ అయితే ఇదే పరిస్థితిలో "స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎక్స్‌టెన్షన్ నాట్ సపోర్టెడ్ బై సర్వర్" అంటుంది. అది చూసి సేవాసంస్థకు ఫోన్ చేస్తే, మా దగ్గర ఉందే, అని వారు నిజమే చెబుతారు, మీరు నమ్మరు.

ఒక్క సంగతి మాత్రం మీ కళాశాలలో మామూలుగా లేదు. ఏఎస్‌ఏ ఈ తనిఖీని తనంతట తాను చేసేది 25వ పోర్టు మీద మాత్రమే. 587 మీద కూడా జరుగుతోందంటే ఎవరో ఒక నిబంధన రాసి ఆ పోర్టును చేర్చి ఉంటారు. నెట్‌వర్క్ చూసేవారిని ఆ నిబంధన తీసేయమని గానీ, తనిఖీ విధానంలో "అలౌ టీఎల్‌ఎస్" అనే పరామితిని చేర్చమని గానీ అడగండి. తరవాతి వెర్షన్లలో టీఎల్‌ఎస్‌ను పోనివ్వడమే డిఫాల్ట్ అయింది, అయితే పాత కాన్ఫిగరేషన్ ఉన్న పెట్టెను అప్‌గ్రేడ్ చేస్తే పాత నిషేధం అలాగే కొనసాగుతుంది. కనుక ఫర్మ్‌వేర్ కొత్తదే అని వారు అన్నా ఒకసారి కాన్ఫిగరేషన్ తెరిచి చూడమనండి.

ఇప్పుడు అంతకన్నా ముఖ్యమైనది. మీ లాగ్‌లో 530 రావడానికి ముందు మీ ప్రోగ్రాం ఆథ్ ప్లెయిన్ ఆదేశం పంపి ఉంటుంది, వెనక్కి వెళ్ళి చూడండి. చాలా సర్వర్లు టీఎల్‌ఎస్ పూర్తయ్యేదాకా ఆథ్ వరుసను చూపించవు, మీ సర్వర్ ముందే చూపిస్తోంది. ఆథ్ ప్లెయిన్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బేస్64 రూపంలో ఆదేశంతోపాటే ఒకే వరుసలో వెళతాయి. బేస్64 ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా క్షణంలో విప్పుకోగలరు. నోడ్‌మెయిలర్ లాగ్‌లో పాస్‌వర్డ్ స్థానంలో "సీక్రెట్" అని కప్పి చూపిస్తుంది కానీ వైరు మీద వెళ్ళింది మాత్రం అసలు పాస్‌వర్డే. సర్వర్ దాన్ని తీసుకోలేదు, నిజమే, కానీ తీసుకోనని చెప్పేలోగానే అది కళాశాల నెట్‌వర్క్‌నూ, బయటి ఇంటర్నెట్‌నూ దాటి అక్కడికి చేరింది. ఇన్వాలిడ్ లాగిన్ అన్న మాటను నమ్మి మీరు మార్చిన కొత్త పాస్‌వర్డ్ కూడా అదే దారిన వెళ్ళింది. రెండింటినీ బయటపడినవిగానే లెక్కించి, ఇంటి దగ్గర నుంచి మూడోది పెట్టుకోండి.

లైనక్స్‌తాత గారు రిక్వైర్‌టీఎల్‌ఎస్ అని పట్టుబట్టింది ఇందుకే. అది ఉంటే నోడ్‌మెయిలర్ జాబితాతో నిమిత్తం లేకుండా స్టార్ట్‌టీఎల్‌ఎస్ అడుగుతుంది, కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ గడప దాటదు. నా వరకు నేను ఇప్పుడు కొత్త ప్రోగ్రాములన్నిటిలో 465నే పెడుతున్నాను. మొదటి బైటు నుంచే ఎన్‌క్రిప్షన్ ఉన్నప్పుడు మధ్యలోని పెట్టె దిద్దడానికి పాఠం దొరకదు. 2021లో జర్మనీకి చెందిన పరిశోధకులు మెయిల్ ప్రోగ్రాములను, సర్వర్లను పరీక్షించి స్టార్ట్‌టీఎల్‌ఎస్ అమలులో 40కి పైగా లోపాలను బయటపెట్టారు. వారు చెప్పింది కూడా వీలున్న చోటల్లా మొదటి పద్ధతినే వాడమని.

సమాధానం: సాయంత్రంషిఫ్ట్

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మా పాత ఉబుంటు 16.04 యంత్రంలో వచ్చే ఎర్రర్ వేరు, "సర్టిఫికెట్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్" అని. సర్వర్ సర్టిఫికెట్‌ను (అది అసలు సర్వరేనని చూపే పత్రం) బ్రౌజర్‌లో చూస్తే గడువు ఇంకా చాలా ఉంది. ఒక వీడియోలో చెప్పినట్టు "రిజెక్ట్ అన్అథరైజ్డ్" అనేదాన్ని ఫాల్స్ చేస్తే పని జరిగిపోతోంది. ఫీజురసీదు గారికి కూడా ఇదే సులభమైన దారి కాదా?

సమాధానం: నల్లతెర

కాదండీ. ఫీజురసీదు గారి ఇబ్బందిలో సర్టిఫికెట్ దాకా వ్యవహారం రానేలేదు కనుక అక్కడ ఆ అమరిక వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. మీ దగ్గర ఉపయోగం కనిపిస్తోంది గానీ, ఎవరు ఏ సర్టిఫికెట్ చూపించినా ఒప్పుకుంటానని మీ ప్రోగ్రాం చేత చెప్పిస్తున్నారు. మధ్యలో పెట్టెలు మాటలను దిద్దడం పై సమాధానంలో చూశారు కదా, ఆ పెట్టె తన సొంత సర్టిఫికెట్ చూపించినా మీ ప్రోగ్రాం పాస్‌వర్డ్ అప్పగించేస్తుంది. పరీక్ష కోసమైనా సరే, దాన్ని ఫాల్స్‌గా వదిలి వెళ్ళకండి.

మీ ఎర్రర్‌లోని గడువు నిజంగానే తీరింది, అయితే తీరింది మీరు చూస్తున్న సర్టిఫికెట్‌కు కాదు. మీ సర్వర్‌కు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండి ఉంటుంది. ఆ సంస్థ సర్టిఫికెట్ల గొలుసు (ఒకదానికి ఒకటి హామీ ఇచ్చే వరుస) చివర డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత మూల సర్టిఫికెట్ ఉండేది, దానికి 2021 సెప్టెంబరు 30న గడువు ముగిసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత మూల సర్టిఫికెట్ ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1ను నమ్మే యంత్రాలు అక్కడితో ఆగిపోవాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 మాత్రం, ఎక్స్1 తన దగ్గర ఉన్నా, సర్వర్ ఇచ్చిన గొలుసును చివరిదాకా పట్టుకుపోయి, అక్కడ గడువు తీరిన మూలాన్ని చూసి మొత్తం గొలుసును తిరస్కరించేది. ఆ రోజు నుంచి గడువు ఉన్న సర్టిఫికెట్లతో నడుస్తున్న ఎన్నో సర్వర్ల మీద గడువు తీరిందనే ఫిర్యాదులు వచ్చాయి. నోడ్ తన మూల సర్టిఫికెట్లను తనలోనే మోస్తుంది కనుక, మీ యంత్రంలోని పాత నోడ్‌లోనూ ఇదే రకం ఇబ్బంది ఉండవచ్చు.

ఏ సర్టిఫికెట్ గురించి మాట్లాడుతోందో ఆ ఒక్క వాక్యం చెప్పదు. దాన్ని చెప్పించాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో వచ్చే ఎస్_క్లయింట్ అనే పరీక్ష ఆదేశాన్ని, 587కైతే స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎస్‌ఎంటీపీ అనే ఆప్షన్‌తో నడపాలి. ఎర్రర్‌కు పైన "డెప్త్" అని ఒక సంఖ్య, దాని పక్కన సర్టిఫికెట్ పేరు వస్తాయి. 0 అంటే సర్వర్ సొంతది, సంఖ్య పెరిగేకొద్దీ గొలుసులో మూలం వైపు వెళుతున్నట్టు. 3 దగ్గర ఆ పాత మూలం పేరు కనిపిస్తే, మీ యంత్రంలోని నమ్మకమైన మూలాల జాబితాలోంచి దాన్ని తీసేయడం అప్పట్లో అందరూ చేసిన పరిష్కారం. నిజమైన పరిష్కారం మాత్రం 16.04ను వదిలేయడమే.

0 దగ్గరే గడువు తీరిందని గానీ, ఇంకా మొదలు కాలేదని గానీ వచ్చి, బ్రౌజర్‌లో మాత్రం బాగుందనిపిస్తే, ముందు ఆ యంత్రం గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలోనూ, గడియారపు చిప్ లేని రాస్ప్‌బెర్రీ పై 3, 4 లాంటి బోర్డుల్లోనూ, కరెంటు పోయి వచ్చాక తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు వచ్చేది "నాట్ యెట్ వ్యాలిడ్", అంటే సర్టిఫికెట్ కాలం ఇంకా మొదలు కాలేదని. తప్పు సర్టిఫికెట్ మీదికి నెట్టేస్తుంది.

ఫీజురసీదు

పోర్టు25 గారు చెప్పినట్టే లాగ్‌లో 530కు ముందు ఆథ్ ప్లెయిన్ వరుస ఉంది. పాస్‌వర్డ్‌ను ఇంటి నుంచి మార్చాను. కళాశాలలో 465 పెట్టి, సెక్యూర్ ట్రూ చేయగానే రసీదులు వెళుతున్నాయి. నెట్‌వర్క్ చూసే సంస్థవారు 587ను తనిఖీలో చేర్చిన నిబంధన ఉందని ఒప్పుకున్నారు, స్పామ్ పంపుతున్న ల్యాబ్ కంప్యూటర్లను పట్టుకోవడానికి ఎప్పుడో పెట్టారట. దాన్ని తీసేస్తారో లేదో తేల్చలేదు.

ఒక చిన్న సందేహం మిగిలింది. మధ్యలో పొరపాటున 465 ఉంచి సెక్యూర్ ఫాల్స్‌తో నడిపితే వెర్షన్ ఎర్రర్ రాలేదు, చాలాసేపు ఏ చప్పుడూ లేక "గ్రీటింగ్ నెవర్ రిసీవ్డ్" అని వచ్చింది. అలాగే ఎస్_క్లయింట్‌లో చేత్తో టైప్ చేసి మెయిల్ పంపి చూద్దామని కూర్చుంటే, మెయిల్ ఫ్రమ్ దాకా బాగానే జరిగి, ఎవరికి పంపాలో చెప్పే ఆర్‌సీపీటీ టూ వరుస కొట్టగానే "రీనెగోషియేటింగ్" అని, "రాంగ్ ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్" అని వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వెర్షనేనా?

సమాధానం: లైనక్స్‌తాత

మొదటిది మీ తొలి ఇబ్బందికి తిరగేసిన రూపం. 465లో సర్వర్ మీ హ్యాండ్‌షేక్ కోసం చూస్తూ ఉంటుంది, మీ ప్రోగ్రాం సర్వర్ 220 కోసం చూస్తూ ఉంటుంది. వియ్యాలవారి మర్యాదలా మీరు ముందంటే మీరు ముందని ఇద్దరూ ఆగిపోయి, ఎవరిదో ఒకరిది సమయం అయిపోయేదాకా ఏమీ జరగదు. నోడ్‌మెయిలర్ పలకరింపు రాలేదని నిజాయితీగానే చెప్పింది. మిగతావి "టైమ్డ్ అవుట్" అని మాత్రమే అంటాయి, అది చూసినవారు ఫైర్‌వాల్ పోర్టును మూసేసిందని అనుకుంటారు. డాట్‌నెట్ ఎస్‌ఎంటీపీక్లయింట్‌కు మొదటి పద్ధతి బొత్తిగా చేతకాదు కనుక 465 ఇచ్చినవారికి ఎప్పుడూ ఈ టైమౌటే. ఫైర్‌వాల్‌దా కాదా అన్నది తేలాలంటే అదే పోర్టుకు ఎస్_క్లయింట్‌తో వెళ్ళండి. సర్టిఫికెట్ కనిపించిందంటే దారి తెరిచే ఉంది.

రెండోదానికి సర్వర్‌తో గానీ టీఎల్‌ఎస్ అమరికలతో గానీ సంబంధం లేదు. ఎస్_క్లయింట్‌లో వరుస మొదట పెద్ద ఆర్ అక్షరం వస్తే దాన్ని సర్వర్‌కు పంపదు, కనెక్షన్‌ను మళ్ళీ మాట్లాడుకోమని తనకిచ్చిన ఆదేశంగా తీసుకుంటుంది. టీఎల్‌ఎస్ 1.3లో అలా మళ్ళీ మాట్లాడుకునే వీలును తీసేశారు కనుక వెర్షన్ తప్పు అంటుంది. పెద్ద క్యూతో మొదలయ్యే వరుసకు కూడా ఇంతే, క్విట్ అని కొడితే సర్వర్‌కు ఆ మాట చేరకుండానే తానే మూసేసుకుంటుంది. క్వయట్ అనే ఆప్షన్‌తో నడిపితే ఈ అక్షరాలకు ప్రత్యేకార్థం ఉండదు. లేదా ఆర్‌సీపీటీని చిన్న అక్షరాల్లో కొట్టండి, ఎస్‌ఎంటీపీ ఆదేశాలకు పెద్ద చిన్న అక్షరాల పట్టింపు లేదు.